తెచ్చి చేతిలో పెట్టుట

ధ్యానమునకు: 1 సమూయేలు 15వ అధ్యాయము, మత్తయి 5:23, 24



నార్కట్‌పల్లి చుట్టునున్న గుట్టలను, చెలకలను ఎరిగినవారికి కుందేళ్ళ వేటను గూర్చి చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత అది నేరమైనది. అది న్యాయమైన చట్టమే, దానిని మీరుమని చెప్పుట మా ఉద్దేశము కాదు. అయితే అంతకు ముందు, మా చిన్నతనములో, మా సంఘపు పెద్ద ఒకాయన వేటకుక్కకు విద్య నేర్పుట కన్నులార చూచితిమి. కుక్క సంగతి మందిరపు పత్రికలో ఎందుకని ఎవరైన అందురేమో; కనాను స్త్రీ ఆ పోలికను కాదనలేదు గదా.

మన నాటు కుక్కకు తరుముట పుట్టుకతోనే వచ్చును. పట్టుటయు కొంతవరకు అట్లే. నేడు పోలీసువారియొద్ద మనము చూచు లాబ్రడారు జాతిని ఇంగ్లాండు, స్కాట్లాండు దొరలు న్యూఫౌండ్‌లాండునుండి వచ్చిన కుక్కలతో 19వ శతాబ్దములో వృద్ధిచేసిరి. కొట్టిన పిట్టను తెచ్చి యిచ్చు గుణము దానికి రక్తములోనే యుండును. మన కుక్క అట్లు కాదు. పట్టినదానిని ఏ తంగేడు పొదక్రిందికో ఈడ్చుకొనిపోయి చీల్చి తినును. యజమానుడు రొప్పుచు వచ్చుసరికి చెవులును తోలును మిగులును. కనుక దానికి నేర్పవలసినది పరుగు కాదు, తెచ్చి చేతిలో పెట్టుట.

ఆ పెద్ద కుక్కపిల్లను రెండు గోడల నడుమ సందులో పెట్టి నేర్పెడివాడు. ఒక చివర గోడ, ఇంకొక చివర తాను. తప్పించుకొని పోవుటకు దారి లేదు. మేకతోలు సంచిలో గుడ్డపీలికలు కూరి విసరును. పిల్ల దానిని కరచుకొని వచ్చునప్పుడు ఎదురు పోడు. ఎదురు పోయినయెడల అది తరుముకొను ఆట అనుకొని పారిపోవును. తానే రెండడుగులు వెనుకకు వేయును, అప్పుడది వెంబడించును. పాలపండ్లు ఊడు దినములలో ఆ పని మానివేయును, చిగుళ్ళు నొచ్చునని. మూడు నాలుగు సారులు విసరి, పిల్లకు ఇంకను ఆశ యుండగానే చాలించును. (ప్రసంగములు చేయు మావంటివారు ఈ నియమము నేర్చుకొన్న సంఘములు సంతోషించును.)

అన్నిటికంటె కష్టము చివరి జానెడు. పాదములవరకు వచ్చును, తోక ఊపును, చేయి చాపగానే దవడ బిగించును. ఒకసారి మేము సంచిని లాగబోతిమి. ఆయన, "గుంజకు బిడ్డా, గుంజితే ఇంకింత గట్టిగ కరుస్తది. రేపు కుందేలును గూడ నమిలి తెస్తది" అని మందలించెను. దాని గదుమక్రింద అరచేయి పెట్టి ఊరక నిలిచియుండెను. ఎంతసేపో! తానుగా నోరు విడిచిన తరువాతనే జొన్నరొట్టె ముక్క పెట్టెను. రొట్టె ముందుగా చూపినయెడల సంచిని దూరముననే పారవైచి రొట్టెకు పరుగెత్తునట. మరియొక దినము పిల్ల సంచితో ఎటో పోయి చాల ఆలస్యముగా వచ్చెను. మేము కర్ర ఎత్తగా ఆయన మా మణికట్టు పట్టుకొనెను. తిరిగి వచ్చినదానిని కొట్టినయెడల అది నేర్చుకొనునది రాకుండుటయే.

సౌలు అమాలేకీయులమీదికి పోవుటలో లోపము లేదు. జయించెను, మందను తోలుకొని వచ్చెను. బలి అర్పించుటకే తెచ్చితిమనియు చెప్పెను. అయితే మంచి గొఱ్ఱెలను విడువలేకపోయెను. వాటి అరుపులే సాక్ష్యము పలికినవి. అననీయ కూడ అపొస్తలుల పాదములవరకు వచ్చినవాడే.

ఇతరుల సంగతి యేల? మేమును మా అన్నగారును ఒకే బావిక్రింద సేద్యము చేసితిమి. అప్పటికింకను మేము సేవకులము కాము. ఒక యెండకాలము ఊట తగ్గి వంతులు వచ్చినవి, వంతులతో మాటలు వచ్చినవి. ఏడు నెలలు పలుకరింపు లేదు. మా ముఖము చూడనొల్లక ఆయన మందిరమునకే రాకపోయెను. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున, ఈ పగను నీ పాదములయొద్ద పెట్టుచున్నామని కన్నీళ్ళతో ప్రార్థించితిమి. అది అబద్ధపు ప్రార్థన కాదు. సంఘము ఆమేన్ అన్నది. బల్లయొద్దకు పోవుటకు లేవగా జేబులో తాళపుచెవి తొడకు తగిలెను.

అది మోటారు స్టార్టరు పెట్టెది. ఏడు నెలలుగా దానిని మేమే ఉంచుకొంటిమి. తన వంతు నాడు సయితము మా అన్నగారు కబురు పంపి అడిగి తీసికొనవలసి వచ్చెడిది. పగను ప్రభువు పాదములవరకు తెచ్చితిమి గాని, తాళపుచెవి ఇంకను పండ్ల నడుమనే యున్నది. ప్రభువు గుంజుకొనలేదు, అరచేయి క్రింద పెట్టి ఏడు నెలలు నిలిచియుండెను.

ఆ దినము మేము రొట్టె తీసికొనలేదు. మందిరమునుండి తిన్నగా చెలకకు పోతిమి. మా అన్నగారు గట్టుమీద కూర్చుండియుండిరి. "అన్నా, ఇది నీ దగ్గరనే ఉండనీ" అని ఆయన చేతిలో పెట్టితిమి. ఆయన చాలసేపు దానిని అటు ఇటు తిప్పి చూచి, "రేపు నీ వంతు గదరా తమ్మీ" అనిరి.