మొగమాటము లేని అంగడి

హిరణ్యకశిపుని వధానంతరము నరసింహమూర్తి ప్రసన్నుడై వరము కోరుకొమ్మనగా, ప్రహ్లాదుడు ఆ ప్రలోభమును వినయముతోనే త్రోసిపుచ్చి, ప్రతిఫలము నాశించి ప్రభువును గొలుచువాడు భృత్యుడు కాడు, వర్తకుడని పలికినట్లు భాగవత సప్తమస్కంధమున నున్నది. వనవాసకాలమున ద్రౌపది ధర్మమువలన మనకేమి ఒరిగినదని నిలదీసినపుడు ధర్మరాజును ఇంచుమించు ఈ పోలికనే ఆశ్రయించి, ఫలమును పిండుకొనుటకై ధర్మము నాచరించువాడు ధర్మముతో బేరము సేయువాడనియు, ధర్మమును గూర్చి పలుకువారిలో అట్టివాడు కడపటివాడనియు చెప్పెను. ప్రేమలోనికి లెక్క చొరబడరాదనుటయే ఆ మహనీయుల యభిప్రాయము గాని వర్తకుని నిందించుట కాదు. అయినను ఆ ఘట్టములను చదువునపుడు అంగడిలో కూర్చున్నవాని మనసు చివుక్కుమనక మానదు. ఇచ్చి పుచ్చుకొనుటయే వృత్తిగా గలవానికి స్నేహముగాని దయగాని నిజముగా సాధ్యమేనా? కొనవచ్చినవానిని చిరునవ్వుతో పలుకరించి, ఇంటివారి కుశలమడిగి, తూకము పూర్తియైన పిదప గుప్పెడు కొసరు వేసినపుడు, ఆ చిరునవ్వును, ఆ కుశలప్రశ్నను, ఆ కొసరును ఏ పద్దు క్రింద వ్రాసికొనవలెను?

ప్రశ్న పాతదే యైనను నేటికాలమున దీనికి క్రొత్త పదును వచ్చినది. ఆత్రేయపురమున ఇంటిపట్టుననే పూతరేకులు చుట్టి దేశదేశములకు పంపు గృహిణియు, మగ్గము ప్రక్కనే నిలుచుండి ఫోనులో చీర కొంగు విప్పి చూపు మంగళగిరి నేతగాడును ఒకప్పటి వీథికొట్టువారికి వారసులే. కాని వీరివద్ద వాడుకగా కొనువారు ఆ వీథిలో లేరు, హైదరాబాదుననో బెంగుళూరుననో డల్లాసుననో ఉన్నారు. 2016లో వచ్చిన యూపీఐ రొక్కపు చిక్కును చాలవరకు తీర్చినది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాపు చిరువర్తకునికి నామఫలకమునే గాక, అతడు నిద్రించుచుండగనే ‘నమస్కారమండీ’ యని తనంతట తాను పలుకు మర్యాదను కూడ ఒసగినది. ఇట్టి వర్తకులకు హితము చెప్పువారందరును ఒక్కమాటనే చెప్పుచున్నారు: ధరలో పెద్దవారితో పోటీపడజాలవు గనుక వీథికొట్టువానివలె మెలగుము, పేరుపెట్టి పిలువుము, పోయినసారి ఏమి కొనిరో జ్ఞాపకముంచుకొనుము, పెట్టెలో చేవ్రాతతో నాలుగు ముక్కలు వ్రాసి పెట్టుము, కొన్నవారు నిన్ను విడువరు. వింతయేమన, పెద్దవారును ఈ పాఠమునే వల్లించినారు. 1995లో పుస్తకవిక్రయముతో తలుపులు తెరచిన అమెజాను, ఒక వస్తువును కొన్నవారు వెంట మరేమి కొనిరో గణించి, వచ్చిన ప్రతివానికిని వేరొక అంగడియో యనునట్లు బల్లమీది సరుకును మార్చి చూపు విద్యను అలవరచుకొన్నది. లక్షల మందిని గుర్తుంచుకొనగల శెట్టిగారి నొకరిని యంత్రములో నిర్మింపవలెనని వారి ఆశ.

2024 మే నెలలో జరిగిన చిన్న ఉదంతమొకటి ఇచట స్మరింపదగినది. బ్లింకిట్ యాపులో కూరలు తెప్పించుకొన్న ముంబయి తల్లి యొకతె కొత్తిమీరకు కూడ విడిగా సొమ్ము చెల్లింపవలసివచ్చుట చూచి నివ్వెరపోయినదని ఆమె కుమారుడు బహిరంగముగా వ్రాయగా, ఆ సంస్థాధిపతి స్పందించి, కొంత మేరకు కూరగాయలు కొన్నవారికి కొత్తిమీర ఉచితముగా నిచ్చు ఏర్పాటు గావించెను. ఆ తల్లిని చూచి నవ్వినవారున్నారు. నాకు మాత్రము ఆమె పక్షమే న్యాయముగా తోచినది. రైతుబజారులో కూరలామె తూకమైన పిదప చీటీ లేకుండ సంచిలో పడవేయు కరివేపాకు రెబ్బలకు అలవాటుపడిన చేయి ఆమెది. సంస్థ చేసిన పనిలో లోభము లేదు, దంభమును లేదు. అడిగినదే తడవుగా ఇచ్చినది. అయినను ఆ కొత్తిమీరను సంచిలో నుంచినవాడు ఆమె ముఖమెరుగడు, అతని చేతిని ఆమె యెరుగదు. కూరలామె ఆ దినమున కొసరు వేయకపోవుటకు గూడ వీలున్నది. వేయకపోవుటకు వీలున్నచోటనే వేయుటకు విలువ కలదు. నియమముగా మారిన కొసరు తూకములో భాగమైపోయి, ఇచ్చువాడు లేని దానమై మిగులుచున్నది.

అయినచో కూరలామె కొసరు మాత్రము స్వచ్ఛమైన దయయా? రేపు మరల తనవద్దకే వత్తుమని ఆమె యాశింపదా? ఇంచుమించు జీవితమంతయు కోనిగ్స్‌బర్గు రేవుపట్టణముననే గడపిన కాంటు పండితుడు 1785లో ప్రకటించిన నీతిగ్రంథమున ఒక దుకాణదారుని చర్చ కలదు. అతడు అనుభవము లేని కొనుగోలుదారుని మోసగింపడు. పసివాడు వచ్చినను పెద్దవానికిచ్చిన ధరకే ఇచ్చును. ఆ ప్రవర్తన ధర్మమునకు అనుకూలమే యైనను, స్వలాభము కొరకు జరిగినది గావున దానికి నైతికమైన ఔన్నత్యమును అంటగట్టరాదని ఆయన తీర్పు. ఇది కఠినమైన మాట. కాదనుటకును కష్టమైన మాట. కాని బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన బోధను దీని సరసనుంచి చూచినచో కథ మారును. పతి పతికొరకై ప్రియుడు కాడు, ఆత్మకొరకై ప్రియుడగును. పుత్రులును, విత్తమును, సమస్తమును అట్టివే యని ఆ ఋషి నిష్కర్షగా చెప్పినాడు. అచటి ఆత్మశబ్దమును మన చిల్లర స్వార్థముగా కుదింపరాదని వ్యాఖ్యాతలు హెచ్చరింతురు, అది యుక్తమే. అయినను ఇంతమాత్రము స్పష్టము: తల్లి ప్రేమయందుగూడ తనకొరకు అను అంశము లేకుండ చేయలేమని ఒప్పుకొన్నవారము, పాపము, కూరలామె ఒక్కతె వద్దనే నిష్కామమును నిలువునా కోరుట న్యాయము కాదు. తన చిరునవ్వులో వ్యాపారము పాలెంతయో, వాత్సల్యము పాలెంతయో ఆమెకే తెలియదు.

కావున ఈ విచారణను వర్తకుని హృదయములోనుండి తీసి, వర్తకునికిని కొనువానికిని నడుమ నున్న చోట నిలుపవలెనని నా యభిప్రాయము. పాత వీథికొట్టులో శెట్టిగారు మన యింటిని ఎరిగియుండెను. అంతకంటె ముఖ్యముగా మనము ఆయన యింటిని ఎరిగియుంటిమి. ఆయన కూతురి పెండ్లికి పోయి పంక్తిలో కూర్చున్నవారము. ఆయన తండ్రిగారు గతించిననాడు గుమ్మము కడ నిలుచున్నవారము. ఉదయము పురుగుపట్టిన కందిపప్పు కట్టియిచ్చినచో సాయంకాలము రామాలయమున మన యెదుట పడవలసివచ్చును, ఆ యెదుటపడుటలోని మొగమాటము ఆయన చేతిని తక్కెడకడ అదుపులో నుంచెడిది. ఆ మొగమాటము మనకును ఉండెడిది గనుకనే రూపాయి తక్కువకు దొరకునని ప్రక్కవీథికి పోవుటకు మనసొప్పెడిది కాదు. పండితులు నేడు ఏ పేరు పెట్టినను, కొన్నవారు విడువకుండుటయను వ్యవహారమునకు ఆ కాలమున ఉన్న ఆధారమిదియే. ఇక యంత్రము నన్నెరుగును: నేనే దినమున ఏమి కొంటినో, ఏ వస్తువు ముందు ఎంతసేపు తటపటాయించితినో దానికి తెలియును. నాకు మాత్రము దానిని గూర్చి తెలిసినది శూన్యము. ఒకవైపుననే గవాక్షము గల గోడ అది. అన్నిటికంటె మించి, అది సిగ్గుపడజాలదు. గీత పదునారవ యధ్యాయమున దైవీసంపదను పేర్కొనుచు దయ, మార్దవములతోబాటు లజ్జను గూడ చేర్చినది. బుద్ధభగవానుడు హిరి, ఒత్తప్పము అను రెంటిని, అనగా తన యంతరంగము నెదుట సిగ్గును, తప్పుచేసినచో కలుగు నిందవలని జంకును, లోకమును కాపాడు రెండు ధర్మములుగా చెప్పినాడు. పూతరేకుల పెట్టెలో చేవ్రాత చీటీ నుంచిన గృహిణి, తీపిమాటలు వ్రాసినందువలన గాక, తన పేరును, తన గొంతును, తన ఇంటి జాడను పరులచేతిలో పెట్టి తాను నిందార్హురాలనని ఒప్పుకొన్నందువలన విశ్వాసపాత్రురాలగుచున్నది.

ఇట్టి యెదుటపడుట అసలే లేనిచోట వర్తకుడెట్లు ప్రవర్తించునో తెలుపు కథ యొకటి పాలీజాతకములలో కలదు. సేరివదేశపు చిల్లరవర్తకులిద్దరు తేలవాహనది దాటి అంధపురమను పట్టణము చేరి వీథులు పంచుకొన్నారు. అది మన ఆంధ్రుల పట్టణమే యని తలంచిన చరిత్రకారులున్నారు. చితికిపోయిన శ్రేష్ఠికుటుంబమొకటి అచట నుండెను; మిగిలినవారు ముసలి అవ్వయు, మనుమరాలును. మసిపట్టి మూలబడిన పళ్ళెమొకటి ఇచ్చి పిల్లకొక నగ యిమ్మని అడుగగా, మొదట వచ్చిన లోభి సూదితో దాని వీపు గీచి అది బంగారమని గ్రహించి, ఊరకనే కాజేయవలెనని, దీనికి చిల్లిగవ్వయైన రాదని నేలమీద పారవైచి పోయెను. పిదప వచ్చినవాడు బోధిసత్త్వుడు. మొదటివాని మాట పరుషముగా నుండెను గాని ఇతడు మృదుభాషి, చూచుటకు సౌమ్యుడు, ఇతనికి చూపుదమని ఆ పిల్లయే అవ్వను ఒప్పించినది. అతడు చూచి, అమ్మా, ఇది లక్ష విలువచేయును, అంత సొమ్ము నాచేత లేదు అనెను. తుదకు వారే బ్రతిమాలగా తన యొద్దనున్న అయిదువందల నాణెములును, అయిదువందల సరుకును ధారపోసి, తక్కెడను, సంచిని, పడవకూలికై ఎనిమిది నాణెములను మాత్రము ఉంచుకొని నది దాటిపోయెను. లోభి తిరిగివచ్చి సంగతి తెలిసి గుండెపగిలి చచ్చెను.

ఈ కథలో నన్నాకర్షించు విషయములు రెండు. మృదుభాషణమే బోధిసత్త్వునికి తలుపు తెరచినదని కథకుడు దాచలేదు. అనగా మంచిమాట వ్యాపారమునకు పనికివచ్చునని బౌద్ధులకు తెలియును. ఆ మాటతో లోనికి చొచ్చి పళ్ళెమును చిల్లిగవ్వకు కొన్నచో అతడు మొదటివానికంటె నీచుడయ్యెడివాడు. ఇక రెండవది: ఆ యింట మరియొక పళ్ళెము లేదు. ఆ అవ్వ తిరిగి అతనివద్ద బేరము సేయుట కల్ల. విశ్వాసమును సంపాదించి లాభపడుదునను ఊహకే తావు లేదు. అట్టిచోట నిజము చెప్పినాడు. అయినను వెయ్యికి కొని లక్ష విలువగల వస్తువుతో వెడలినాడు సుమా! లాభమును చూచి జాతకకథకుడు సిగ్గుపడలేదు. లక్ష యను మాటను దాచుట యొక్కటే పాపమని అతని లెక్క.

దూరపువారి నమ్మకమును గూర్చి మన నేలమీదనే శిలాక్షరములున్నవి. తుఫానుకు కొట్టుకొనివచ్చి తీరమునబడిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండగా, కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప మరేమియు గైకొననని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును ఇట్లు చేయుచున్నానని ఆయన కారణములన్నిటిని కలిపియే చెప్పుట గమనింపదగినది. రేవు వర్ధిల్లినచో బొక్కసము నిండునని ఆయనకు తెలియకపోలేదు. కాని శిల నాటినపిదప ఆ మాట తప్పినచో, భాష తెలిసిన యే నావికుడైనను వచ్చి ఆ శిలను వ్రేలితో చూపగలడు. లాభమునే తలంచి మొదలిడినను, తన్ను నిలదీయు అధికారమును పరునికిచ్చినవాడు క్రమముగా ధర్మమునకు చిక్కినవాడే యగును. కాంటు తీర్పునకు నాకు తోచిన సమాధానమింతే.

ఇంతవరకు వీథికొట్టును పొగడితిని. కాని ఆ కొట్టును గూర్చి తీపిజ్ఞాపకములు చెప్పుకొనువారము సాధారణముగా అరుగుమీదికి రానిచ్చినవారి సంతతివారమే. అరుగు దిగువన నిలుచుండి, పైనుండి విడిచిన ఉప్పును కొంగున పట్టుకొని, డబ్బును నేలమీద నుంచి తొలగిపోవలసిన వారిని గూడ శెట్టిగారు బాగుగనే ఎరిగియుండెను. ఆ యెరుకయే వారిపాలిటి అవమానమైనది. పంట చేతికివచ్చువరకు అరువిచ్చి, వడ్డీతో కల్లమునే ఊడ్చుకొనిపోయిన ఖాతాపుస్తకము కూడ వ్యక్తిగతమైన సేవయే! అట్టివారి మనుమలు నేడు కులమేదని అడుగని, అందరికి ఒక్కటే ధర చూపు యాపులో చెప్పులు తెప్పించుకొని ఊపిరి పీల్చుకొన్నచో, మొగమాటము లేని అంగడిని నిందించు హక్కు మనకెక్కడిది? శాంతిపర్వమున, జటలలో పక్షులు గూడుకట్టినను కదలక తపస్సుచేసితినని గర్వించిన జాజలి, వారణాసిలో సరుకులమ్ముకొను తులాధారునివద్దకు ధర్మము నేర్చికొనుటకై పోవలసివచ్చినది. తన తక్కెడ సర్వభూతములయెడ సమముగా నిలుచునని ఆ వర్తకుడు చెప్పికొన్నాడు. ఆ సమత్వము లేనిచోట కొసరు ఒకరికి మన్నన, మరియొకరికి తిరస్కారము అగును. పసివానికి, పెద్దవానికి ఒక్క ధర యను కాంటు దుకాణము, హృదయమెట్టిదైనను, ఈ యంశమున మన రచ్చబండ కొట్టుకంటె మేలైనదే.

ఆన్‌లైనులో అమ్ముకొను చిరువర్తకురాలు ఈ రెంటిని కలుపుకొనగలదు; ధర అందరికి ఒక్కటిగా నుంచి, తాను మాత్రము ఎదుటపడుచుండిన చాలును. చిక్కు వచ్చునది ఆమె పెరిగినపుడే. ఏబదిమంది అయిదువేలగుదురు, ‘అక్కా, బాగున్నారా’ యను పలుకును యంత్రమునకు అప్పగింపవలసివచ్చును, పుట్టినదినపు శుభాకాంక్షలు ఆమె యెరుగకుండగనే ఆమె పేరుతో వెడలుచుండును. వాటిని మానుకొన్నను నష్టము లేదని నా తలంపు. కాని పచ్చడి సీసా దారిలో పగిలినపుడు, చీర తొలి ఉతుకులోనే రంగు విడిచినపుడు, ఈ నేత మీ పనికి నిలువదు, కొనవద్దని చెప్పవలసివచ్చినపుడు, ఆ ప్రత్యుత్తరము ఆమెయే వ్రాయవలెను, తన పేరుతో వ్రాయవలెను. అంతకును తీరిక లేనంత పెరిగినచో నిస్సంకోచముగా పెద్ద అంగడియే కావచ్చును, అందును అధర్మము లేదు. అట్టి అంగడి ఎవరిని అక్కా యని పిలువనక్కరలేదు. చెప్పిన సరుకును చెప్పిన ధరకు చెప్పిన దినమున చేర్చి, తప్పినచో అడిగించుకొనకుండ సొమ్ము తిరిగి పంపిన చాలును.