త్రుప్పు వదలిన పిదప

చేసిన తప్పునకు పశ్చాత్తాపపడినవాడు నిర్దోషి యగునా? ఈ ప్రశ్నకు సమాధానము ధర్మశాస్త్రములందే గాక, యంత్రములు బాగుచేయు కొట్టునందును లభించును.

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల రైతులు ఒకప్పుడు ఎడ్లచే మోట తోలించి బావినీరు తోడెడివారు. తరువాత ఆయిల్ ఇంజన్లు వచ్చినవి. విద్యుత్తు మోటార్లు వచ్చిన పిదప అవియును మూలబడినవి. ఏండ్ల తరబడి వానకు తడిసిన అట్టి ఇంజనును విప్పినచో, సిలిండరును పిస్టనును ఎర్రని పొరతో ఒకదానినొకటి పట్టుకొని యుండును. ఇచ్చటివారు దానిని ‘జంగు’ అందురు. సంస్కృతమున దానికి ‘అయోమలము’ అని పేరు.

ఈ మలము బయటినుండి వచ్చి అంటిన దుమ్ము కాదు. ఇనుమే ప్రాణవాయువుతోను తేమతోను కలిసి అట్లు మారినది. అది పెచ్చులుగా ఊడి, లోపలి ఇనుమును మరల తేమకు అప్పగించును. నిర్మల్ ప్రాంతపు ఖనిజముతో కోనసముద్రమున కరగించిన ఉక్కుకై 19వ శతాబ్ది ఆరంభమున సైతము పారసీక వర్తకులు వచ్చెడివారు. ఏమరినచో అంతటి ఉక్కునకును త్రుప్పు తప్పదు. విద్యావంతులకును, వంశగౌరవము గలవారికిని ఇదే న్యాయము.

అనుభవజ్ఞుడగు మేస్త్రి తొందరపడడు. పట్టుకొనిపోయిన భాగములను దినముల కొలది కిరోసిన్‌లో నాననిచ్చును. సుత్తితో మోదినచో పోత ఇనుము పగులును. ఆమ్లమున ముంచినచో అది ముందు త్రుప్పును, పిదప మంచి లోహమును తినును. కావున వేళ కనిపెట్టి వెలికి తీసి, చాకలిసోడా నీట కడుగవలెను. పరులను దిద్దు గురువులును తండ్రులును గ్రహింపదగిన విషయమిది. దండనము మితిమీరినచో దోషముతోపాటు మనుష్యుడును పోవును.

త్రుప్పు పోయినను గుంట మిగులును. మేస్త్రి దానిని దాచి పైపైన మెరుగు పెట్టడు. గుంటలు పోవువరకు సిలిండరునకు బోరింగు చేయించి, ఆ కొత్త కొలతకు తగిన పెద్ద పిస్టనును అమర్చును. గట్టు జరిపి తమ్ముని పొలము కలుపుకొన్నవాడు దేవుని ఎదుట కన్నీరు కార్చినంత మాత్రమున గట్టు వెనుకకు పోదు. భూమిని తిరిగి ఇయ్యవలెను. పోయిన నమ్మకమును మాత్రము అడిగి తీసికొనజాలడు. తమ్ముడు ఎంత చనువిచ్చిన అంతలో ఒదిగి మెలగవలెను.

మరియొక హెచ్చరిక. త్రుప్పు వదలి తళతళలాడు ఇనుమునకు మరల త్రుప్పు పట్టుటకు వానకాలమున ఒక్క రాత్రి చాలును. అందుచేతనే ఆరిన వెంటనే నూనె పూయుదురు. పశ్చాత్తాపముతో శుభ్రపడిన మనస్సును అట్టిదే. ‘ఇక నాకు దోషము లేదు’ అని ఊరకుండిననాడే అది మరల చెడుట మొదలిడును. నిత్యకర్మ, సత్సంగము, దైవస్మరణము దానికి పూయవలసిన నూనె.

కావున ‘నిర్దోషి యగునా?’ అని అడుగుటకంటె ‘మరల పనికివచ్చునా?’ అని అడుగుట మేలు. ఆ ఇంజను కొత్తది కాలేదు. కాని పొలమునకు మరల నీరు పెట్టుచున్నది.