మాది అనే ముందు కాస్త ఆగు నాయనా

పరీక్షకు చదువుతున్నావు, మంచిదే నాయనా. మానవ భూగోళశాస్త్రంలో సంస్కృతి, భాష, మతం అని పాఠాలున్నాయి, వాటి నిర్వచనాలన్నీ గడగడా అప్పజెబుతావు. సాంస్కృతిక వ్యాప్తి అంటే ఏందో నిద్రలో లేపి అడిగినా చెప్తావు. ఆ పుస్తకం మూసి ఫోన్ చేతికి తీసుకుంటే మాత్రం కొండ మాది, దేవుడు మావాడు, మధ్యలో వాళ్లెవరు అని వాదానికి దిగుతావు. నీ మనసు చెడ్డదని నేను అనను. తొందర ఎక్కువ, అంతే. తిరపతిలో పుట్టి పెరిగినోడివి, నువ్వు చదివే పాఠమంతా నీ కళ్ల ముందే ఉంది. కాస్త ఆగి చూడు.

కొండ మీద స్వామికి ఒక రోజు ఎట్లా గడుస్తుందో చూడు. తెల్లవారుజామున సంస్కృతంలో సుప్రభాతం. ధనుర్మాసం వచ్చిందంటే నెలపొడుగునా ఆ సుప్రభాతం పక్కకు జరిగి, ఆండాళ్ తల్లి తిరుప్పావై వినబడుతుంది, అది తమిళం. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వంశంవాళ్లు తెలుగులో లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. అన్నమయ్యది రాజంపేట పక్కన తాళ్లపాక, వెంగమ్మది గుర్రంకొండ దగ్గర తరిగొండ, ఇద్దరూ మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఆ ఏకాంతసేవలో పవళించే వెండి మూర్తి ఉందే, భోగ శ్రీనివాసుడు, ఆయన్ని 966లో ఇచ్చింది సామవాయి అనే పల్లవ రాణి. ఆమె దానశాసనం తమిళంలో ఉంది. తమిళ రాణి ఇచ్చిన స్వామికి తెలుగు లాలి పాడి నిద్రబుచ్చుతున్నాం. ఆ సేవ చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు, అంతగా కలిసిపోయింది.

గుడి గోడల మీద శాసనాలు చూశావా? ఎక్కువ భాగం తమిళమే. తెలుగుంది, కన్నడముంది. కృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 లోపల ఏడుసార్లు కొండెక్కాడు. ఆయన శాసనాలు ఈ మూడు భాషల్లోనూ వేయించాడు. మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు చూడు. ఆ తర్వాత 1843 నుంచి 1933 దాకా ఆలయం బాగోగులు చూసింది హథీరాంజీ మఠం మహంతులు, ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగుల పరంపర. 1932లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసినాకే దేవస్థానం కమిటీ వచ్చింది. ఇప్పుడు చెప్పు, ఇందులో ఎవరిని తీసి పక్కన పెడతావు? పక్కింటి నుంచి తోడు తెచ్చుకుని పాలు తోడేస్తాం, పొద్దున్నే ఆ పెరుగు ఎవరిదని పంచాయతీ పెడతామా నాయనా? మీ పుస్తకంలో వ్యాప్తి అన్నది దీన్నే.

పెరటాసి శనివారాలు నీకు తెలియనివి కావు. ఆ నెలంతా ఇంట్లో నీచు వండరు. పిల్లలకు నొసట నామం పెట్టి, చేతికి చెంబిచ్చి, నాలుగిళ్ల ముందు గోవిందా అనిపించి బియ్యం తెప్పిస్తారు. ఆ బియ్యంతో అరిటాకులో తళిగ వేసి, పిండి దీపం వెలిగిస్తారు. పెరటాసి తమిళ నెల, తళిగ తమిళం నుంచి వచ్చిన మాట. తెలుగిళ్లలో ఎవరైనా వద్దన్నారా? చేస్తానే ఉన్నాం.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక సరిహద్దు తగాదా ఏండ్లతరబడి సాగింది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అప్పటి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీత కాగితం మీద పడింది. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు నుంచి కావళ్లు మోసుకుని తిరుత్తణికి పొయ్యేవాళ్లు ఇప్పటికీ పోతానే ఉన్నారు. నాకు దిగులు వేరే ఉంది. ఇవతలి పిల్లలు తమిళం వదిలేశారు, అవతలి పిల్లలు తెలుగు చదవడం వదిలేశారు. పెండ్లిలో అన్నదమ్ముల బిడ్డలు ఎదురుపడితే ఇంగ్లీషులో బాగున్నావా అనుకుని ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు. ఇది చిన్న నష్టం కాదు నాయనా.

ఇంకొక మాట, గంగజాతర గురించి. అవిలాల నుంచి కైకాల వారు పసుపు కుంకుమ తెచ్చి చాటింపు వేస్తారే, అక్కడ మొదలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి పట్టుకునేదానికి గంగమ్మ తిరిగిన వేషాలవి. మీసాలున్న మొగవాళ్లు చీర కట్టి, కాటుక పెట్టి, పూలు ముడుచుకుని గుడికి పోతారు. నువ్వు ఫోన్ ఎత్తి వీడియో తీసి, ఇకిలిస్తా నలుగురికీ పంపుతావు. వద్దు. ఆ చీర ఆ ఇంటి ఇల్లాలిదో తల్లిదో అయ్యుంటుంది, మొక్కుకుని కట్టించి ఉంటుంది. చెల్లెలైన గంగమ్మకు కొండ మీది అన్న సారె పంపుతాడు, చీరా పసుపూ కుంకుమా. అంత పెద్ద దేవుడే ఊరి దేవతను చెల్లెలని ఆదరిస్తుంటే, నువ్వు ఆమె భక్తుల్ని చూసి నవ్వేది ఏం పద్ధతి? ఇట్లాంటి చుట్టరికమే ఇంకొకటి ఉంది, ఉగాది నాడు దేవుని కడపకు పోయి చూడు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అని ముస్లింలు టెంకాయలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. వాళ్లను ఎవరని అడుగుతావు?

నువ్వు కూడా రేపు ఏ అమెరికాకో పోతావు. 1976లోనే పిట్స్‌బర్గ్‌లో మనవాళ్లు కొండవాలు చూసి వెంకటేశ్వరుడికి గుడి కట్టారు. అక్కడ నిన్ను ఎవరన్నా ఈ నేల మాది, నువ్వెవరు అంటే ఎట్లుంటుంది? ఆ మాటే ఇక్కడ ఎదుటివాడితో నువ్వు అనకు.

ఈసారి అలిపిరి నుంచి నడిచి ఎక్కు, ఫోన్ జేబులో పెట్టుకో. దారి అడిగిన తమిళ పెద్దాయనకు వచ్చినంతలో తమిళంలోనే చెప్పు, రాకపోతే మీ అవ్వ దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని పో. కొండ మీదికి పోయినాక నేరుగా క్యూలోకి దూరొద్దు. స్వామికి చోటిచ్చిన వరాహస్వామి పుష్కరిణి గట్టున ఉన్నాడు, ముందు ఆయనకు దణ్ణం పెట్టుకో.