ఫైలు పరిమాణం: ఒక వైశేషిక విచారణ

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చిన దృశ్యాన్ని ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు, అంటే చూడటానికి వీలైన తుది ఫైలుగా మార్చినప్పుడు, అది ఎంత పెద్దదవుతుందన్నది పైకి సాంకేతిక విషయంగానే తోచినా, వస్తువుకు పరిమాణం ఎక్కడినుంచి సంక్రమిస్తుందని ప్రాచీన భారతీయ తాత్త్వికులైన వైశేషికులు అడిగిన పాత ప్రశ్నే అందులో మళ్లీ తలెత్తుతుంది. వారి సిద్ధాంతాన్ని పరిచయం చేసే అన్నంభట్టు తర్కసంగ్రహంలో పరిమాణం 24 గుణాల్లో ఒకటి. అవయవాలు కలిసి ఏర్పడిన వస్తువు పరిమాణానికి వైశేషికులు మూడు కారణాలు చెప్పారు: అవయవాల సంఖ్య, వాటి సొంత పరిమాణం, ప్రచయం; ప్రచయమంటే ఏకిన దూదిలో మాదిరిగా భాగాలు వదులుగా కూడి ఉండటం.

ఇబ్రహీంపట్నంలో తీసిన ఒక పెళ్లి వీడియో గంట నిడివిది అనుకుంటే, ఒక్కో ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుండి, చుక్కకు 3 బైట్ల చొప్పున రంగులు నమోదైతే, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన గంటకు దాదాపు 560 జీబీ అవుతుంది. ఇంటివారి చేతికి వచ్చే ఫైలు మాత్రం ఏ నాలుగైదు జీబీలో ఉంటుంది. ఆ పరిమాణాన్ని నిర్ణయించేది బిట్‌రేటు, అంటే ఒక సెకను దృశ్యానికి ఎన్ని బిట్లు ఖర్చుపెట్టవచ్చునన్న హద్దు. సెకనుకు 10 మెగాబిట్లయితే 3600 సెకన్లకు 36,000 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 4,500 ఎంబీ. సెకనుకు 320 కిలోబిట్ల ధ్వని మరో 144 ఎంబీ చేరుస్తుంది. ఈ లెక్కలో ఫ్రేము వెడల్పుకు చోటే లేదు కనుక, అదే బిట్‌రేటులో ఫోర్‌కే వీడియో అయినా హెచ్‌డీ వీడియో అయినా ఇంచుమించు ఒకే పరిమాణంలో వస్తుంది. రెండు పరమాణువుల కలయికైన ద్వ్యణుకం పరిమాణం పరమాణువుల పరిమాణం వల్ల కాక వాటి సంఖ్య వల్లే పుడుతుందని వైశేషికులు పట్టుబట్టారు. ఫైలు పరిమాణమూ సరిగ్గా అలాంటి సంఖ్యాజన్య పరిమాణమే.

అయితే సంఖ్య ఒకటైనంత మాత్రాన అది మోసే దృశ్యం ఒకటి కాదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో బతుకమ్మను వదిలే దృశ్యాన్నీ, ఒకేచోట కూర్చుని సాగించే ప్రవచనాన్నీ ఒకే నిడివితో, ఒకే బిట్‌రేటులో ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు ఫైళ్లూ సమానంగానే వస్తాయి. ప్రవచనంలో కదిలేవి పెదవులూ చేతులే కనుక ఆ బిట్లు పుష్కలం. చెరువులో ప్రతి అలా ప్రతి క్షణమూ మారుతుంది కనుక అవే బిట్లు చాలక, అలలు చిన్న చిన్న చదరాలుగా విరిగి, తంగేడు రేకులు ఒకే పసుపు మరకగా కలిసిపోతాయి. దృశ్యాన్ని కుదించే కోడెక్ కొన్ని ఫ్రేములనే పూర్తిగా నమోదు చేసి, మిగిలినవాటిలో ఇరుగుపొరుగు ఫ్రేములతో ఉన్న భేదాన్నే రాసుకోవడం ఇందుకు మూలం. వస్తువు క్షణక్షణమూ కొత్తదేననీ, సాదృశ్యం వల్లే అది నిలిచి ఉన్నట్లు తోస్తుందనీ చెప్పిన బౌద్ధుల క్షణికవాదానికి ఇంతకంటే దగ్గరి యంత్రం దొరకదు. ఒక పువ్వు చోట దాన్ని పోలిన పక్క పువ్వు ముక్కను అతికించినా కోడెక్‌కు అభ్యంతరం లేదు. కానీ నిరుడు కన్నుమూసిన నాయనమ్మ ముఖాన్ని పెళ్లి వీడియోలో వెతుక్కునే మనుమరాలికి సాదృశ్యం సరిపోదు; ఆమె కోరేది న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు చెప్పిన ప్రత్యభిజ్ఞ, అంటే 'ఆమే ఈమె' అన్న గుర్తింపు. ఈ ఒక్కచోట నైయాయికుల వాదమే మనిషి అనుభవానికి దగ్గరగా ఉంది.

ఇక కుదింపులో పోయినదాని సంగతి. 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు ప్రచురించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి, చిత్రపు ముక్కను నిదానంగా మారే అంశాలుగానూ వేగంగా మారే అంశాలుగానూ విడదీస్తుంది. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 వంటి కోడెక్‌లు ఆ పద్ధతి ఆధారంగానే, కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మాంశాలను స్థూలం చేసి వదిలేస్తాయి. అలా వదిలినది తిరిగి రాదు. అభావాన్ని కూడా ఒక పదార్థంగా ఒప్పుకున్న వైశేషికులు, మొదలు ఉండి అంతం లేని అభావాన్ని ప్రధ్వంసాభావమన్నారు; ఎక్స్‌పోర్ట్‌లో పోయిన సూక్ష్మాంశాల అభావం ఈ కోవలోనిదే. 5 మెగాబిట్లకు కుదించిన ఫైలును మళ్లీ 20 మెగాబిట్లకు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైలు నాలుగింతలవుతుంది గానీ, నాయనమ్మ కంటి కొసన ఉన్న ముడత ఒక్కటీ వెనక్కి రాదు.

ఇందులో నిమిత్తకారణాన్ని, అంటే కుండకు కుమ్మరి వంటి కారణాన్ని, ప్రత్యేకంగా విచారించవలసి ఉంది. ఇక్కడ కుమ్మరి స్థానంలో ఉన్నది బిట్‌రేటును ఎంచుకునే ఎడిటర్; కానీ ఆ ఎంపికను బయటి హద్దులు శాసించవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీని మించిన ఫైలు దానిలో పట్టదు. పైన చెప్పిన గంట వీడియో ఆ హద్దు దాటుతుంది కనుక, ఎడిటర్ బిట్‌రేటును 8 మెగాబిట్లకు దించి సరిపెట్టే వీలుంది. అప్పుడు ముఖంలో ఎంత మిగలాలన్నది ముఖానికి ఏ సంబంధమూ లేని ఒక ఫార్మాట్ నిర్ణయించినట్లవుతుంది. ఫైలును రెండు భాగాలుగా ఇవ్వడమో, పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చడమో అయిదు నిమిషాల పని. ఆ పని మాని దృశ్యాన్ని తగ్గించడం న్యాయం కాదు. కెమెరాలోంచి వచ్చిన మూల ఫైళ్లు ఉన్నంతకాలం లోపమంతా ఆ ఒక్క ప్రతికే పరిమితం, మరో మంచి ప్రతి తీయవచ్చు. వాటిని చెరిపేశాక మాత్రం ఎడిటర్ ఆనాడు ఎంచుకున్న సంఖ్యే ఆ పెళ్లికి మిగిలే సాక్ష్యం.