తోటను విడుచుట

వార్ధక్యమున మనుష్యుడు విడువవలసినవి పెక్కు గలవు. పండ్లు ఊడును, చూపు మందగించును, ఇంటిలో మాటకు చెల్లుబడి తగ్గును. వీనిలో ఒక్కొక్కదానికి ఇరుగుపొరుగువారు జాలిపడుదురు. కాని నలువది యేబది యేండ్లు స్వహస్తములతో పెంచిన పూలతోటను విడిచి పోవు ముసలివానిని చూచి జాలిపడువారు అరుదు. "చెట్లే కదా నాయనా! అక్కడ కుండీలలో పెట్టుకొనవచ్చును" అని కుమారుడు ధైర్యము చెప్పును. చెప్పువానికి దురుద్దేశము లేదు. అయినను ఆ "చెట్లే కదా" యను మాటలో ఒక అన్యాయము దాగియున్నదని మేము తలంచుచున్నాము. దానిని వెలికి తీసి చూచుటకే ఈ వ్యాసము.

జైనూరును దృష్టాంతముగా గైకొందము. ఉత్తర తెలంగాణమున, ఉట్నూరు ప్రాంతపు కొండల నడుమ, గోండుల గూడెములకు చేరువనున్న ఊరిది. 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలోనిది. నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. చలికాలపు రాత్రులు అక్కడ ఎముకలను కొఱుకును. వేసవిలో నీటికి కటకట. అట్టి చోట ఒక వృద్ధుడు ఇంటి వెనుక మల్లె, సన్నజాజి, కనకాంబరము, చేమంతి, నందివర్ధనము పెంచెననుకొందము. భార్య గతించినది. మోకాళ్లు సహకరింపవు. హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు తండ్రిని తీసికొనిపోవుటకు వచ్చినాడు. అక్కడ వైద్యుడు దగ్గఱలో నుండును, కోడలు ఆదరించును. ఒంటరిగా విడిచిపెట్టుట కంటె తీసికొనిపోవుటయే ధర్మము. దీనిని మేము కాదనము. మా ప్రశ్న వేఱు. పోవునాడు పెరటి వాకిట నిలుచుండి ఆ వృద్ధుడు కంట తడి పెట్టినచో, ఆ కన్నీటికి మనము ఏమి పేరు పెట్టవలెను?

మన పెద్దలు తటాలున "మమకారము" అందురు. ఈ వయస్సున కూడ మట్టిపై భ్రాంతి వీడలేదే యని నొచ్చుకొందురు. మమకారమనగా "ఇది నాది" యను పట్టుదల. పొలము మీద, నగల మీద, పెట్టెలోని కాగితముల మీద అట్టి పట్టుదల యుండుట మన మెఱిగినదే. కాని తోట పెంచువాని నడవడిని కొంచెము పరిశీలింపుడు. పుష్యమాసపు చలిలో మల్లెపొదల ఆకు దూసి కొమ్మ కత్తిరించునది తన సుఖము కొఱకా? చేమంతి పూత ముగిసిన వెనుక పిలకలు విడదీసి నాటవలెను. ఎండిన బంతిపూలను విదిలించి విత్తనము మూటగట్టవలెను. మల్లె మొదట నీరు నిలిచినచో వేరు కుళ్లును గనుక వానకాలమున నీరు పోవు దారి తీయవలెను; వేసవిలో ఆ పాదులనే మరల కట్టవలెను. ఇంటిలో పండుగైనను, చావైనను చేదకు సెలవు లేదు. ఇంత చేసి పూయించిన పూలలో కొన్ని దేవుని పటమునకు, తక్కినవి వీధిలోని ఆడపిల్లల జడలకు. ఇట్టివాడు "తోట నాది" యనుట కంటె "నేను తోటవాడను" అనుట సత్యమునకు దగ్గఱ. తనదానిని పట్టుకొని యేడ్చుట వేఱు. తన్ను నమ్మియున్న దానిని విడువవలసి వచ్చెనని యేడ్చుట వేఱు. మొదటిదానికి వైరాగ్యము మందు కావచ్చును. రెండవదాని యెదుట వైరాగ్యము బోధించువాడు ఆ వృద్ధుని యందలి కర్తవ్యబుద్ధినే నిందించుచున్నాడు.

మఱియొక ఓదార్పు గలదు. "పూచినది రాలవలసినదే. బతుకమ్మను చూడుము, భక్తితో పేర్చి, చుట్టును తిరిగి పాడి, తుదకు నీట విడుచుట లేదా?" అందురు. ఈ మాట వినుటకు ఇంపుగానే యున్నది గాని పోలిక పొసగదు. బతుకమ్మకు ముఖ్యమైన పూలు గునుగు, తంగేడు. గునుగు చేలలో కలుపుమొక్కగా తనంత తానే మొలచును. తంగేడు బీళ్లలో తనంత తానే పూచును. జైనూరు చుట్టునున్న అడవులలో ఫాల్గుణమున మోదుగు ఎఱ్ఱబడుటకు గాని, ఇప్పపూవు రాత్రి రాలి తెల్లవారునప్పటికి నేల నిండ పఱచుకొనుటకు గాని నీరు పోయువాని యక్కఱ లేదు. (ఇప్పచెట్టును కొట్టక కాపాడిన గోండుల పుణ్యము వేఱుగా లెక్కింపదగినది.) నేడు నీట విడిచినది మఱుసటి యేడు మరల వచ్చునను ధైర్యము ఆ పూల పుట్టుకలోనే యున్నది. పెరటి మల్లెకు, చేమంతికి అట్టి ధైర్యము లేదు. చేమంతి ఒక్క వేసవి నీరు లేకున్న మాడిపోవును. కత్తిరింపు లేని మల్లె పొదగా బలిసి పూవులు తగ్గును. మనుష్యుని చేతికి అలవాటుపడిన మొక్కను అడవిపూవుతో పోల్చి ఓదార్చుట సులభమైన వేదాంతము. సులభమైన వేదాంతములకు మన దేశమున కొదువ లేదు.

కాళిదాసు ఈ సంగతి నెఱుగును. శాకుంతలము నాలుగవ యంకమున శకుంతల పతిగృహమునకు బయలుదేరుచు, తాను పెంచిన వనజ్యోత్స్న యను మల్లెతీగ కడకు పోయి వీడుకొనును. కణ్వమహర్షి అంతటివాడు ఆమెను మోహపడితివని మందలింపడు. ఆ తీగపై ఆమెకు గల తోబుట్టువు ప్రేమను తానెఱుగుదుననియే పలుకును. శకుంతల అంతటితో ఊరకుండక తీగను చెలికత్తెల చేతులలో పెట్టును. మఱి మమ్మెవరి చేతిలో పెట్టుచున్నావని వారు కన్నీరు పెట్టుకొందురు. ఇందులో మమ్ము ఆకర్షించినది దుఃఖము కాదు, ఒప్పగింత. మన ఇండ్లలో పెండ్లికూతురికి అప్పగింతలు గలవు. ముసలివాడు తోటను విడుచునపుడు ఇంటికి తాళము వేసి, తాళపుచెవి పొరుగువారి కిచ్చి కారెక్కించుటయే గాని అప్పగింత లేదు.

ఒప్పగించుట యనగా నేమి? దీనికి జైనూరు మండలమునందే, మార్లవాయిలో ఒక ఉదాహరణము గలదు. అది పూలతోట కథ కాదు. అయినను పెంచినదానిని విడిచిపోయినవారి కథయే. 1940లో జోడేఘాటున కుమురం భీము నిజాము ప్రభుత్వపు తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల స్థితిగతులను తెలిసికొనుటకు ఆ ప్రభుత్వము వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫును నియోగించెను. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయిలో గోండుల నడుమ నివసించెను. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసెను. గోండీ భాషలోనే పిల్లలకు వాచకములు సిద్ధమయ్యెను. భూమిపై హక్కు లేని గోండులకు పట్టాలు లభించెను. కాల్చిన ప్రభుత్వమే పంపిన మనుష్యుడు కదా యని శంకించువారు శంకింపవచ్చును. ఆ శంకకు తావు లేకపోలేదు. పని మాత్రము జరిగినది.

తరువాత ఆ దంపతులు ఇంగ్లండు చేరిరి. హైమెండార్ఫు లండనులో ఆచార్యుడయ్యెను. పిమ్మట పలుమార్లు తిరిగి వచ్చి తాము విడిచిన చోటును చూచుకొనిరి. భారతదేశపు ఆదిమజాతులను గూర్చి 1982లో ఆయన ప్రకటించిన గ్రంథమున ఆ చూచినది వ్రాసియున్నాడు. గోండులకు లభించిన భూములలో చాల భాగము బయటినుండి వచ్చి స్థిరపడినవారి పాలయ్యెను. విడిచిన తోటకు మరల వచ్చి, విఱిగిన కంచెను చూచువాని బాధ యెట్టిదో ఆ పుటలు చదివినవారికి తెలియును. అయితే శిక్షణ పొందిన గోండు యువకులు గూడెములలో పిల్లలకు చదువు చెప్పిరి. భూమిని కాగితముపై ఒప్పగించిరి, అది జాఱిపోయెను. అక్షరమును మనుష్యులకు నేర్పిరి, దానిని ఎవరును ఆక్రమింపలేకపోయిరి. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణింపగా ఆమెను మార్లవాయిలోనే ఖననము చేసిరి. 1995లో హైమెండార్ఫు లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన చితాభస్మము కూడ ఆమె సమాధి చెంతకే చేరెను. దీనిని సయితము మమకారమనువారు గలరా?

ఒప్పగించువానికి మఱియొక కష్టము గలదు. ఇచ్చిన పిదప ఆజ్ఞాపించు హక్కును కూడ విడువవలెను. వీరేశలింగము పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి తన ఆస్తిని దానికి అర్పించిరి. 1919 వఱకు జీవించిరి. మరణశాసనము వ్రాసి కన్నుమూయుట కంటె, బ్రతికియుండగనే ఇచ్చి, ఇచ్చినదానిని ఇతరుల చేతులలో చూచుచుండుట కఠినమని మాకు తోచును. మన జైనూరు వృద్ధుని మాటయు నంతే. పక్కింటి కోడలు కనకాంబరము పీకి వంగనారు పోసినదని హైదరాబాదునకు వార్త చేరును. అపుడతడు నొచ్చుకొనవచ్చును గాని కోపగింపరాదు. ఆమెకు పిల్లలున్నారు, వారికి కూర కావలెను. తోట ఆమెదైన పిదప ఆమె యెన్నికయే న్యాయము. ఈ మాట చెప్పుటకు మాకును కష్టముగానే యున్నది.

ఇక కుమారులతో మాకు కొంత మనవి గలదు. తండ్రిని తీసికొనిపోవలెనని నిశ్చయించిన నాడే తోటను గూర్చి కూడ అడుగుడు. బయలుదేరు నాటి ఉదయమున కాదు. నేర్చుకొను ఇష్టము గలవారు, పొరుగింటి కోడలో బడిపిల్లయో, ఆ వీధిలో ఒకరైన నుందురు. ఏ పొద మొదట నీరు నిలువరాదో, ఏ పిలకను ఎప్పుడు విడదీయవలెనో అతడు వారికి తన చేతితో చూపుటకు వ్యవధి యిండు. అది ఒక దినములో చెప్పి ముగించు పాఠము కాదు. ఒక కారైన పట్టును. మల్లె, జాజి కొమ్మలను నేలకు వంచి మట్టి కప్పినచో కొన్ని వారములకు వేరు తొడుగును. అట్టి అంట్లను ఇంటింట పంచుట కూడ అతని చేతుల మీదుగనే జరుగనిండు. కుండీలో ఒక అంటును వెంట తీసికొనిపోవుటకు మేము అడ్డు చెప్పము, గాని దానిని తోటకు బదులని మాత్రము అతనికి చెప్పకుడు.

వీలైనచో మాఘములో తీసికొనిపోకుడు. పుష్యమున కత్తిరించిన మల్లె అప్పటికి మోడుగా నుండును. చైత్రము వఱకు ఆగినచో మొగ్గ తొడుగును. నేర్చుకొన్న పిల్ల తొలిసారి తానే కోసి తెచ్చిన పూలను అతడు చూచును. ఉద్యోగమునకు సెలవు దొరకదందురేమో. మరల వచ్చుటకు జైనూరు ఎంత దూరము?