ఆసనం ఎవరిది?

మా మనవరాలికి సెరిబ్రల్ పాల్సీ. పెదనందిపాడు దగ్గర మా మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఓ ముసలామె "పూర్వజన్మ పాపం బాబూ" అంది. కర్మని నేనూ నమ్ముతాను. అయితే భారతంలో అష్టావక్రుడి వంకర్లు తండ్రి శాపంవల్ల వచ్చాయి గాని, ఆయన చేసిన పాపంవల్ల కాదు.

ఇక పిల్ల కూర్చోవడం సంగతికొస్తే, గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు ధ్యానానికి ముందు ఆసనం చెప్పాడు: మరీ ఎత్తు, మరీ పల్లం కాకుండా, కదలకుండా ఉండాలని. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు మా మనవరాలి కుర్చీకి కొలతలు తీస్తూ దాదాపు అదే చెప్పింది: తుంటి వెనక్కి ఆనాలి, మోకాళ్లు 90 డిగ్రీలు వంగాలి, పాదాలు చెక్కమీద పూర్తిగా మోపాలి. తుంటి మీదుగా పట్టీ బిగించాక పిల్ల తల నిలిచింది; ఒరిగిపోకుండా పట్టుకునే పని తప్పి, చేతులు పలకమీదికి వెళ్లాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం అలాంటి పిల్లలకు 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కంది. గతజన్మ లెక్క దేవుడు చూసుకుంటాడు. బడిలో కుర్చీ ఎత్తు మాత్రం మనమే చూడాలి.