నీళ్ళు పెరగలేదు, అంకె పెరిగింది

నాలుగో తరగతికి కొలతల పాఠం చెప్పే వారం నా బల్ల మీద పుస్తకాలకన్నా సీసాలు ఎక్కువ. ఒక లీటరు మంచినీళ్ళ సీసా, కడిగి ఆరబెట్టిన అరలీటరు పాల ప్యాకెట్లు, దగ్గుమందు సీసా మీది పది మిల్లీలీటర్ల మూత, ఒక బకెట్టు. పాఠం వేపచెట్టు కింద చెబుతాను. తడిసినా ఎవరూ ఏమీ అనరు.

ఆ రోజు సీసాతో రెండుసార్లు బకెట్లో నీళ్ళు పోయించి, “ఎన్ని లీటర్లు?” అన్నాను. “రెండు” అన్నారందరూ. “మిల్లీలీటర్లలో చెబితే?” అని, నేనే సుద్దముక్కతో గచ్చు మీద 2000 అని రాశాను. రెండో వరుసలో కూర్చునే పాప లేచొచ్చి బకెట్లోకి తొంగిచూసింది. “నీళ్ళు పెరగలేదుగా టీచర్, మరి అంకె ఎందుకు పెరిగింది?”

ఇరవై రెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. పిల్లలు తడబడేది సున్నాల దగ్గర కాదు, ఇక్కడే. చిన్న కొలతలోకి మారుస్తున్నాం కాబట్టి అంకె కూడా చిన్నదవాలని వాళ్ళకు తోస్తుంది. 1000తో గుణించాల్సిన చోట భాగిస్తారు. పెద్ద నుంచి చిన్నకు గుణకారం, చిన్న నుంచి పెద్దకు భాగహారం అని వల్లె వేయిస్తే మార్కులు వస్తాయి. ఆ పాప ప్రశ్నకు జవాబు మాత్రం రాదు. అందుకే మూత చేతికిచ్చి, బకెట్టు ఖాళీ చెయ్యమన్నాను. రెండు వందల సార్లు ముంచాలి. నలభై దాకా లెక్కపెట్టి ఆగింది. “మూత చిన్నది కదా టీచర్, అందుకే ఎక్కువసార్లు” అంది. దాని పాఠం అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు. ఇంతకీ ఆ అంకె ఎక్కడుంది? నీళ్ళలోనా, మూతలోనా, ముంచే పిల్లలోనా?

నా పదో ఏట నాన్న నాచేత తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథం వల్లె వేయించేవారు. అది రాసిన అన్నంభట్టు మనవాడే, ఆంధ్రుడు. ఆయన గుణాలు 24 అని లెక్కగడతాడు. రూపం, రసం, గంధంతో పాటు సంఖ్యా గుణమే, పరిమాణమూ గుణమే. కానీ సంఖ్య విషయంలో ఒక మెలిక పెట్టాడు. రెండు మొదలుకొని పై సంఖ్యలన్నీ ఎక్కడున్నా అనిత్యాలే అన్నాడు. ఎందుకని అడిగితే న్యాయవైశేషికులు చెప్పే కారణం ఇది: “ఇదొకటి, ఇదొకటి” అని విడివిడిగా చూసే బుద్ధి ఉంటేనే రెండు అనేది పుడుతుంది. దాన్ని అపేక్షాబుద్ధి అంటారు. ఆ బుద్ధి లేకపోతే రెండూ లేదు. అప్పట్లో నాకిది పెద్దవాళ్ళ కాలక్షేపంలా అనిపించింది. బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని ఆ పిల్ల మూతలు లెక్కపెడుతుంటే తెలిసింది. నీళ్ళ పరిమాణం నీళ్ళదే. 2 కానీ, 2000 కానీ మనం ముంచితే పుట్టినవి. మా అమ్మమ్మ ముంచి ఉంటే గిద్దలూ సోలలూ తవ్వలూ పుట్టేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఆవిడ లెక్క. బకెట్టుకు ఏ లెక్కయినా ఒకటే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అంకె మన బుద్ధిలో పుట్టిందే అయితే, కొలత తగ్గించడం పాపమెందుకవుతుంది? ఖురానులో 83వ సూరాకు పేరే కొలతల్లో తగ్గించి ఇచ్చేవాళ్ళను బట్టి వచ్చింది. బైబిలు లేవీయకాండం 19వ అధ్యాయం తూనికరాళ్ళతో పాటు, నూనె కొలిచే హిన్ కూడా న్యాయంగా ఉండాలంటుంది. తూకాలనూ కొలతలనూ ఆరునెలలకోసారి పరీక్షించమని మనుస్మృతి రాజుకు చెబుతుంది. మనం ముంచితే పుట్టేదాని కోసం ఇన్ని శాస్త్రాలకు ఇంత పట్టుదలా?

నాకు దారి చూపింది లీటరు చరిత్రే. 1901లో, ఒక కిలో స్వచ్ఛమైన నీరు దాని సాంద్రత అత్యధికంగా ఉన్నప్పుడు ఎంత చోటు పడుతుందో అంతే లీటరు అని పలు దేశాలు కూర్చుని ఒప్పుకున్నాయి. తీరా చూస్తే అది పది సెంటీమీటర్ల ఘనంకన్నా పది లక్షల్లో 28 వంతులు పెద్దదైంది. 1964లో ఆ నిర్వచనం తీసేసి, ఆ ఘనానికే లీటరని పేరు పెట్టారు. లీటరు తగ్గిందని లోకంలో ఏ కుండలోనూ నీళ్ళు తగ్గలేదు. మనుషులు మాట మార్చుకున్నారు, కానీ అందరికీ చెప్పి మార్చుకున్నారు. నా చిన్నప్పుడు మా వీధికి వచ్చిన ఒక పాలాయన కొలపాత్ర అడుగున లోపలికి సొట్ట ఉండేది. ఆయనా లీటరును మార్చాడు, ఎవరికీ చెప్పకుండా. తేడా అంతా అందులోనే ఉంది.

మన భాష ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది. కొలతకు ప్రమాణమే, సరైన జ్ఞానానికి సాధనమైనదీ ప్రమాణమే, దేవుడి ముందు చేసే ఒట్టూ ప్రమాణమే. అంకె నీళ్ళలో ఉంటే దాన్ని నీళ్ళే కాపాడుకునేవి. అది ఇద్దరి మధ్య ఒప్పందం కాబట్టే దానికి ఒట్టు కావాలి.

మా అమ్మ పక్కింటి నుంచి నూనె చేబదులు తెచ్చేది. “ఏ గిన్నెతో తెస్తే ఆ గిన్నెతోనే ఇవ్వాలి” అనేది. గిన్నె ఒకటే కాబట్టి మార్పిళ్ళు అక్కర్లేదు. ఎరిగినవాళ్ళ మధ్య గిన్నె చాలు. ఎరగనివాళ్ళ మధ్య అందరూ ఎరిగిన గిన్నె కావాలి, అదే లీటరు. అయితే తిరిగి ఇచ్చేటప్పుడు అమ్మ గిన్నె నిండాక ఆగేది కాదు. ఇంకాస్త వేసి ఇచ్చేది. దాన్ని కొసరు అంటాం. నూనె, పాలు, బెల్లం ఏదైనా సరే, కొసరుకు మాత్రం ఏ పట్టికలోనూ చోటు లేదు.

ఇంట్లో రోజూ కొలిచేవి రెండు ప్రమాణాల్లో రాసుకు రమ్మని ఇంటిపని ఇచ్చాను. ఆ పాప వాళ్ళకు రెండు గేదెలున్నాయి. పుస్తకం తెచ్చి చూపించింది: ఉదయం పోసిన పాలు 4 లీటర్లు, 4000 మిల్లీలీటర్లు. ఈసారి ఎక్కడా భాగించలేదు. సంతకం పెడుతుంటే అడిగింది. “మా అమ్మ లీటరు పోశాక ఇంకొంచెం పోస్తుంది టీచర్. అది కూడా రాయాలా?”

వద్దన్నాను.